క్లబ్ మీటింగ్ ఎవరి కోసం పెడుతున్నాం?

రోటరీ, లయన్స్ లాంటి సర్వీస్ క్లబ్‌లో కొన్నాళ్ళుగా ఉన్న ఎవరిని కదిపినా ఒకటే మాట, మీటింగులకు జనం రావడం లేదండీ అని. రానివాళ్ళని అడిగితే వాళ్ళదీ ఒకటే మాట, టైమ్ దొరకడం లేదు అని. ఈ రెండో మాటను నేను పూర్తిగా నమ్మను. మీటింగ్‌కి గంట దొరకని మనిషే, కంటి పరీక్షల క్యాంప్ పెట్టామంటే పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా నిలబడి, లైన్లో ఉన్న పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపించి, అందరూ వెళ్ళాక కుర్చీలు సర్ది మరీ వెళ్తాడు. ఆ రోజు అతనికి టైమ్ ఎక్కడి నుంచి వచ్చింది? క్యాంపులో అతనితో పని పడింది, మీటింగ్‌లో పడలేదు, తేడా అంతే. మీటింగ్‌కి వచ్చాడు, కూర్చున్నాడు, విన్నాడు, చప్పట్లు కొట్టాడు, వెళ్ళాడు. అతను రాకపోయినా ఆ గంట అచ్చం అలాగే జరిగేది. ఈ సంగతి మనం గమనించకపోయినా అతను గమనిస్తాడు, ఎవరికీ చెప్పడు, మెల్లగా మానేస్తాడు.

అందుకే మీటింగ్ బాగా జరిగిందా లేదా అని చూసుకోవడానికి నేను హాజరు శాతం కన్నా ఇంకోటి చూస్తాను. వచ్చినవాళ్ళలో ఎంతమంది నోరు విప్పి ఏదో ఒకటి మాట్లాడారు, ఎంతమంది అంతకు ముందు పెద్దగా తెలియని ఒకరితో పరిచయం పెంచుకున్నారు, ఎంతమంది చేతిలో ఏదో ఒక పని పట్టుకుని ఇంటికి వెళ్ళారు. నలభై మంది వచ్చిన మీటింగ్‌లో ఆరుగురే మాట్లాడి మిగతా ముప్ఫై నాలుగు మందీ వింటూ కూర్చుంటే, రిజిస్టర్లో అది గొప్ప మీటింగే, కానీ ఆ ముప్ఫై నాలుగు మందిలో చాలామందికి మళ్ళీ రావడానికి కారణం దొరకదు.

అసలు ఈ క్లబ్బులు ఎలా మొదలయ్యాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో యూనిటీ బిల్డింగ్ 711వ నంబరు గదిలో నలుగురు కూర్చున్నారు. పిలిచింది పాల్ హారిస్ అనే లాయరు. గది గస్టావస్ లోర్ అనే మైనింగ్ ఇంజనీరుది. మిగతా ఇద్దరిలో సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి, హైరమ్ షోరే దర్జీ దుకాణం యజమాని. డయాస్ లేదు, మైక్ లేదు. పెద్ద నగరంలో పరిచయాల్లేక ఒంటరిగా ఉన్నవాళ్ళు, ఒకరి వృత్తి ఇంకొకరికి తెలిసేలా కలుసుకోవడం, అదీ వాళ్ళ ఆలోచన. ఒకసారి ఒకరి ఆఫీసులో, తర్వాత ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్ళు కాబట్టే, తిరుగుతూ ఉండేది అనే అర్థంలో, ఆ క్లబ్‌కి రోటరీ అనే పేరు వచ్చింది. కొద్దిరోజుల్లోనే చేరిన హారీ రగల్స్ అనే ప్రింటరు మీటింగ్‌లో అందరి చేతా పాటలు పాడించడం మొదలుపెట్టాడు, చాలా దేశాల్లో చాలా క్లబ్బులకు అది అలవాటుగా మారింది. నగరంలో పబ్లిక్ టాయిలెట్లు కావాలని వాళ్ళు పూనుకున్నది ఆ తర్వాత, 1907 ప్రాంతంలో. అంటే స్నేహం ముందు కుదిరింది, సేవ దానిలోంచి పుట్టింది. మీటింగ్‌లో సంతోషం గురించి మాట్లాడితే కొంతమంది పెద్దలు, మనం ఇక్కడికి సరదాకి వస్తున్నామా అంటారు కదా, వాళ్ళకి నేను ఈ వరసే చెప్తుంటాను. ఒకరినొకరు ఇష్టపడని నలభై మంది కలిసి ఏ ప్రాజెక్టూ ఏళ్ళ తరబడి చెయ్యలేరు.

సరే, ఏం చెయ్యాలి అన్న దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ముందు గుమ్మం.

కొత్తగా చేరినవాళ్ళు మీటింగ్ హాల్లోకి వచ్చిన మొదటి ఐదు నిమిషాలు ఎప్పుడైనా గమనించండి. పాతవాళ్ళందరూ నాలుగైదు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు, వాళ్ళకి చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు, చాలా రోజులకి కలిశారు అంతే. కొత్త మనిషి ఫోన్ తీసి చూసుకుంటూ వెనక వరసలో ఒక కుర్చీ వెతుక్కుంటాడు. సభ్యుడిగా చేర్చుకునే ఇండక్షన్ రోజున క్లబ్ పిన్ పెట్టి ఫోటో తీసి ఘనంగా ఆహ్వానించిన మనిషే, రెండో మీటింగ్‌కి ఎవరికీ పట్టనివాడు అయిపోతాడు. ప్రతి మీటింగ్‌కీ ఇద్దరిని గుమ్మం దగ్గర పెట్టండి, ప్రతిసారీ వేరే ఇద్దరిని. వాళ్ళ పని నమస్కారం పెట్టి లోపలికి పంపడంతో అయిపోకూడదు. వచ్చిన కొత్తవాళ్ళని లోపలికి తీసుకెళ్ళి, పేరు చెప్పి, వృత్తి చెప్పి, మాట కలిసే అవకాశం ఉన్న ఒకరి పక్కన కూర్చోబెట్టాలి. అలా పరిచయం చెయ్యాలంటే ఆ ఇద్దరికీ కొత్తవాళ్ళ గురించి ముందే తెలిసుండాలి, కాబట్టి సెక్రటరీ ముందు రోజే రెండు ముక్కలు రాసి పంపాలి. పేరు బ్యాడ్జీ మీద పిలిచే పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి, క్లబ్ లోగో చిన్నగా ఉన్నా నష్టం లేదు. ఏళ్ళుగా మొహం తెలిసీ పేరు గుర్తురాక పలకరించకుండా తప్పుకునే సభ్యులు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు, వాళ్ళకి ఈ బ్యాడ్జీ చేసే మేలు అంతా ఇంతా కాదు.

ఇక కూర్చునే తీరు. వరసలుగా కుర్చీలు వేసి ఎదురుగా ఎత్తు మీద డయాస్ పెట్టామంటే, ఇక్కడ మాట్లాడేది పైవాళ్ళు, వినేది కిందవాళ్ళు అని ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైపోతుంది. మా క్లబ్‌లో గుండ్రటి బల్లలు వేసి, ఒక్కో బల్లకి ఆరుగురు చొప్పున, వచ్చినప్పుడు చీటీ తీసి ఏ బల్ల వస్తే ఆ బల్ల దగ్గర కూర్చునేలా చేశాక వచ్చిన మార్పు నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మొదట్లో కొందరు విసుక్కున్నారు, మా స్నేహితుల దగ్గర కూర్చోనివ్వరా అని. ప్రతిసారీ వద్దు, రెండు మీటింగులకు ఒకసారి చేద్దాం అని సర్దుకున్నాం. బల్ల దగ్గర కూర్చోగానే మాట్లాడుకోవడానికి ఒక ప్రశ్న కాగితం మీద రాసి పెట్టి ఉంటుంది. మీ వృత్తిలో బయటివాళ్ళకి తెలియని కష్టం ఏమిటి, మన క్లబ్ చేసిన పనుల్లో మీకు బాగా గుర్తుండిపోయింది ఏది, మీ వీధిలో ఎవరికైనా సాయం కావాల్సి ఉండి అడగలేకపోతున్నారా, ఇలాంటివి. పది నిమిషాలు చాలు. ఆ మూడో ప్రశ్న నుంచి మాకు నిజంగా ప్రాజెక్టులు పుట్టాయి, బోర్డు కూర్చుని ఆలోచించినా తట్టని సంగతులు ఆ బల్లల దగ్గర బయటపడ్డాయి. వందమందిలో లేచి మాట్లాడలేని మనిషి ఆరుగురిలో హాయిగా మాట్లాడతాడు.

టైమ్ గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. ఆరున్నర అని పిలిచి ఏడుంపావుకి మొదలుపెడితే, సరిగ్గా ఆరున్నరకి వచ్చినవాళ్ళని శిక్షించి, ఏడింటికి వచ్చినవాళ్ళని గౌరవించినట్టు. రెండు మీటింగులు అలా అయితే మూడోదానికి అందరూ ఏడుంపావుకే వస్తారు, ఆ తర్వాత మొదలయ్యేది ఏడున్నరకి. ఎనిమిది మందే ఉన్నా సరే, చెప్పిన టైమ్‌కి బెల్ కొట్టండి. ముగింపు టైమ్ కూడా ఆహ్వానంలోనే రాయండి, దాన్ని ఇంకా గట్టిగా పాటించండి, ఎందుకంటే ఇంటికి ఎప్పుడు చేరతామో తెలియని మీటింగ్‌కి చంటిపిల్లలున్నవాళ్ళు, ముసలి తల్లిదండ్రులని చూసుకునేవాళ్ళు, రాత్రి షిఫ్టు వాళ్ళు ధైర్యంగా రాలేరు.

టైమ్ ఎక్కడ పోతోందో లెక్క వేస్తే చాలావరకు సంబోధనల్లోనే పోతుంది. మాట్లాడే ప్రతి ఒక్కరూ వేదిక మీద ఉన్న అందరి పేర్లూ, పదవులూ, పూర్వ పదవులూ వరసగా చెప్పి, ఎవరినైనా మర్చిపోతే వెనక్కి వచ్చి క్షమాపణ చెప్పి, అప్పుడు విషయంలోకి వస్తారు. ఆరుగురు మాట్లాడితే, మనిషికి రెండు నిమిషాలు చొప్పున పన్నెండు నిమిషాలు, అంటే గంట మీటింగ్‌లో అయిదో వంతు. దాని మీద బొకేలు, మెమెంటోలు, ప్రతిదానికీ ఒక ఫోటో, ఫోటోలోకి ఫలానావాళ్ళు కూడా రండి అని పిలుపులు. అతిథుల్ని గౌరవించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. మొదట్లో ప్రెసిడెంట్ ఒక్కరే అందరి పేర్లూ చెప్పి స్వాగతం పలికితే చాలు, ఆ తర్వాత మాట్లాడేవాళ్ళు అందరికీ నమస్కారం అని సూటిగా విషయంలోకి వెళ్ళొచ్చు. ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకున్నాక మాకు బల్లల దగ్గర మాట్లాడుకునే ఆ పది నిమిషాలు అక్కడి నుంచే దొరికాయి. ఓట్ ఆఫ్ థాంక్స్ కూడా అంతే, తెర వెనక కష్టపడ్డ ఇద్దరి పేర్లు, వాళ్ళు చేసిన పని ఏమిటో చెప్పి ముగిస్తే వాళ్ళకీ అది గుర్తుంటుంది.

టైమ్ పాటించే విషయంలో, నలుగురిలో మాట్లాడటం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఆ క్లబ్బుల్లో అయిదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగమైతే అయిదో నిమిషానికి ఆకుపచ్చ లైటు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. ఎవరూ మధ్యలో లేచి ఆపమని చెప్పాల్సిన పని లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. అంతకంటే నాకు నచ్చింది ఇంకోటుంది. అక్కడ టైమ్ చూసేది ఒక సభ్యుడు, మాటల్లో దొర్లే అనవసరమైన ఊతపదాలు లెక్కపెట్టేది ఇంకొకరు, భాష గమనించేది మరొకరు, ప్రసంగం ఎలా ఉందో విశ్లేషించి చెప్పేది మరొకరు. ప్రసంగం చెయ్యని సభ్యుల్లో కూడా చాలామందికి ఆ రోజు ఒక పని ఉంటుంది, ఆ పని మీటింగ్ మీటింగ్‌కీ చేతులు మారుతుంది. మన క్లబ్బుల్లో ఎందుకు చెయ్యకూడదు? గుమ్మం దగ్గర ఇద్దరు, టైమ్‌కి ఒకరు, అతిథిని పరిచయం చేసేది ఒకరు, ప్రశ్నలు మొదలుపెట్టేది ఒకరు, రానివాళ్ళకి జరిగింది చెప్పేది ఒకరు. ఏడాది మొత్తానికీ ఈ పనులు ముగ్గురు ఆఫీసు బేరర్ల నెత్తిన వేస్తే వాళ్ళు అలిసిపోతారు, మిగతావాళ్ళు ప్రేక్షకులైపోతారు.

రిపోర్టుల సంగతి. బోర్డు మీటింగ్‌లో తేల్చుకోవాల్సినవి జనరల్ మీటింగ్‌లో చర్చకు పెట్టడం, బ్యానర్ రంగు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకోవడం, పై నుంచి వచ్చిన సర్క్యులర్ మొత్తం చదవడం, ఇవన్నీ ఆపేయొచ్చు. గత మీటింగ్ మినిట్స్, కమిటీల వివరాలు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో పెట్టి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగి, లేకపోతే అన్నిటినీ ఒకేసారి ఆమోదించేస్తే సరిపోతుంది. అభ్యంతరం చెప్పిన అంశాన్ని మాత్రం పక్కకి తీసి చర్చించాలి. అయితే ఒక్కటి, ట్రెజరర్ చెప్పే లెక్కలు మాత్రం విసుగు పేరుతో తీసేయొద్దు. క్లబ్బుల్లో మనసులు విరిగేది ఎక్కువగా డబ్బు దగ్గరే, అదీ ఎవరో తిన్నారని రుజువై కాదు, ఎవరికీ ఏమీ చెప్పకపోవడం వల్ల పుట్టే అనుమానంతో. ఒక్క పేజీలో ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, సేవా ప్రాజెక్టుల ఖాతా వేరుగా, క్లబ్ నడిపే ఖర్చుల ఖాతా వేరుగా చూపించి, రెండు నిమిషాలు చెప్పి, ప్రశ్నలకి అవకాశం ఇవ్వాలి. నిర్ణయం సభ్యులదైతే ఆ నిర్ణయాన్ని నిజంగా వాళ్ళకే వదలాలి. బోర్డు ముందే తేల్చేసిన విషయాన్ని మీ అభిప్రాయం చెప్పండి అని అడిగితే ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ఎవరూ చెప్పరు.

ముఖ్య అతిథుల విషయంలో మన ఆలోచన చాలా మారాలి. ఎవరు దొరుకుతారు అని కాకుండా, మన సభ్యులకి ఇప్పుడు ఏది తెలియాలి అని మొదలుపెట్టాలి. బస్తీ పిల్లల చదువు మీద ప్రాజెక్టు అనుకుంటున్నప్పుడు ఆ పిల్లలకి రోజూ పాఠం చెప్పే టీచరు వచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడితే, పెద్ద హోదా ఉన్న మనిషి గంట మాట్లాడినదానికన్నా ఎక్కువ ఉపయోగం. అతిథికి ముందే చెప్పండి, మీకు ఇరవై నిమిషాలు, ఆ తర్వాత పదిహేను నిమిషాలు ప్రశ్నలు, చివర్లో మేం చెయ్యగలిగిన పని ఒక్కటి మమ్మల్ని అడగండి అని.

ఆ అడగడంలో ఎంత బలం ఉందో తెలియాలంటే లయన్స్ చరిత్ర చూడాలి. మెల్విన్ జోన్స్ అనే షికాగో ఇన్సూరెన్స్ వ్యాపారి, బిజినెస్ క్లబ్బులు తమ లాభం దాటి ఆలోచించాలని చెప్పి 1917లో ఆ సంస్థకి పునాది వేశాడు. 1925లో ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో వాళ్ళ కన్వెన్షన్‌కి హెలెన్ కెల్లర్ వచ్చారు. చూపూ వినికిడీ లేని ఆ మనిషి తన జీవిత కథ చెప్పి చప్పట్లు అందుకుని వెళ్ళిపోలేదు, అంధుల కోసం, నివారించగల అంధత్వాన్ని పోగొట్టడం కోసం మీరు వీరుల్లా నిలబడరా అని సూటిగా అడిగారు. చిన్న ప్రసంగమే. ఇవ్వాళ్టికీ లయన్స్ అనగానే జనానికి కంటి ఆసుపత్రులూ కంటి క్యాంపులూ గుర్తొస్తున్నాయంటే ఆ అడిగిన అడగడం వల్లే. ఆ రోజు ఆవిడకి ఒక జ్ఞాపిక ఇచ్చి, ఫోటో దిగి, తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. అతిథి అడిగాక క్లబ్ కూడా జవాబు చెప్పాలి, అక్కడికక్కడ చేస్తాం అనలేకపోయినా ఫలానా ముగ్గురు దీన్ని చూస్తారు, వచ్చే మీటింగ్‌లో మాకు చెప్తారు అనైనా అనాలి.

బయటి అతిథులే అక్కర్లేదు కూడా. రోటరీ మొదలుపెట్టిన ఆ నలుగురూ ఒకరి ఆఫీసులో ఒకరు కలిసినట్టు, ఇప్పుడూ అప్పుడప్పుడు మీటింగ్‌ని ఒక సభ్యుడి పని చోటులో పెట్టొచ్చు. ప్రింటింగ్ ప్రెస్‌లో, నర్సరీలో, డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో, బడిలో. ఏళ్ళుగా పక్కన కూర్చున్న మనిషి రోజంతా ఏం చేస్తాడో మొదటిసారి కళ్ళతో చూస్తారు. కొత్త సభ్యుడు తన వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడే అలవాటు చాలా రోటరీ క్లబ్బుల్లో ఉంది, దాన్ని పాత సభ్యులకీ పెట్టండి. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెద్దాయన తను చేరిన కొత్తలో క్లబ్ ఏం చేసిందో చెప్తుంటే మా కుర్రవాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

మీటింగ్ ఆరంభంలో చదివే వాక్యాలున్నాయి కదా, ప్రార్థన, ప్రతిజ్ఞ, రోటరీలో అయితే ఫోర్ వే టెస్ట్. 1932లో దివాలా అంచున ఉన్న ఒక కంపెనీని నిలబెట్టే బాధ్యత తీసుకున్న హెర్బర్ట్ టేలర్, తన ఉద్యోగుల కోసం రాసుకున్న నాలుగు ప్రశ్నలవి. ఇది నిజమేనా, అందరికీ న్యాయమేనా, స్నేహాన్ని పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. పని చోట వాడుకోవడానికి రాసినదాన్ని మనం వల్లించి కూర్చుంటున్నాం. నెలకొకసారి ఒక సభ్యుడు తన పనిలో ఆ ప్రశ్నల్లో ఒకటి నిజంగా అడ్డుపడిన సందర్భం మూడు నిమిషాల్లో చెప్తే బాగుంటుంది. నష్టం వస్తుందని తెలిసీ కస్టమర్‌కి నిజం చెప్పిన సంగతులూ, చెప్పలేకపోయిన సంగతులూ. ఇలాంటివి విన్న రోజు మీటింగ్‌కి రాలేకపోయామని రానివాళ్ళు నిజంగా బాధపడతారు.

సరదా విషయానికి వస్తే, లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అనే పదవి నాకు చాలా ఇష్టం. చిన్న చిన్న జరిమానాలు వేసి నవ్వులు పుట్టించడమే ఆయన పని. దానికి పెట్టుకున్న నియమాలు చూడండి. ఒకే మీటింగ్‌లో ఒక సభ్యుడికి రెండుసార్లకు మించి జరిమానా వెయ్యకూడదు, జరిమానా బోర్డు పెట్టిన పరిమితి దాటకూడదు, టెయిల్ ట్విస్టర్‌కే జరిమానా వెయ్యాలంటే మాత్రం హాజరైనవాళ్ళందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. నవ్వు ఎవరికీ భారం కాకుండా చూసే తెలివి ఉంది అందులో. చాలా క్లబ్బుల్లో ఇంకో పద్ధతి, సంతోషకరమైన వార్త ఉన్నవాళ్ళు డబ్బాలో కొంత డబ్బు వేసి ఒక్క నిమిషంలో ఆ వార్త చెప్పడం. కూతురికి ఉద్యోగం వచ్చింది, నాన్న ఆపరేషన్ బాగా జరిగింది, మొదటిసారి పది కిలోమీటర్లు పరిగెత్తాను. ఈ అయిదు నిమిషాల్లో మనుషులు ఒకరికొకరు తెలిసినంతగా మిగతా గంటలో తెలియరు. ఒక్కటే జాగ్రత్త, ఒకరి రంగు, లావు, యాస, పెళ్ళి, పిల్లలు లేకపోవడం, వీటి మీద జోకులు రాకుండా ప్రెసిడెంట్ అడ్డుపడాలి. నవ్విన పదిమందిని చూసి సరదాగా ఉందనుకుంటాం, నవ్వని ఒక్కరు మళ్ళీ రారు.

ఆడవాళ్ళ హాజరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ క్లబ్బులు దశాబ్దాల పాటు మగవాళ్ళవే. లయన్స్ 1987లో మహిళలకి సభ్యత్వం ఇవ్వాలని తీర్మానించింది. రోటరీలో అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 1989లో ప్రపంచమంతటికీ దారి తెరుచుకుంది. తలుపు తెరిచారు కానీ మీటింగ్ గంటలూ, మాట్లాడే తీరూ చాలా చోట్ల పాతవే ఉండిపోయాయి. రాత్రి తొమ్మిది దాటే మీటింగ్ పెట్టి మహిళా సభ్యులు రావడం లేదంటే అర్థం లేదు. ఏ టైమ్ అయితే కుదురుతుందో వాళ్ళనే అడగండి, పిల్లల్ని తీసుకొస్తే పక్క గదిలో కాసేపు ఎవరో ఒకరు చూసుకునే ఏర్పాటు చెయ్యండి. వేదిక మీద బొకే అందించే పనికి మహిళల్ని పిలవడం ఆపి బడ్జెట్ కమిటీకి పిలవండి.

మీటింగ్ అంటే కూర్చోవడమే అనే ఆలోచన కూడా వదిలేయొచ్చు. రోటరీలో నియమాలు మార్చే సభ, కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్, 2016లో క్లబ్బులకి చాలా స్వేచ్ఛ ఇచ్చింది. నెలకి కనీసం రెండుసార్లు కలిస్తే చాలు, నేరుగానైనా ఆన్‌లైన్‌లోనైనా రెండూ కలిపైనా, సేవా ప్రాజెక్టునే మీటింగ్‌గా లెక్కేసుకోవడమైనా క్లబ్ ఇష్టం. ఈ వెసులుబాటు ఉన్నా వాడుకోని క్లబ్బులు ఎన్నో. ఒక మీటింగ్ హాల్లో, ఇంకోటి పని చేసే చోట పెట్టుకోండి. హాల్లో పెట్టినప్పుడు కూడా చేతులకి పని ఇవ్వొచ్చు, బడి పిల్లల కిట్లు సర్దుతూ, పుస్తకాలకి అట్టలు వేస్తూ మాట్లాడుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఆన్‌లైన్‌లో చేరినవాళ్ళని చూసుకోవడానికి హాల్లో ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి, లేకపోతే వాళ్ళు అతిథి వీపు చూస్తూ, సగం వినపడక, పది నిమిషాల్లో ఆపేసి వెళ్ళిపోతారు.

రానివాళ్ళకి ఫోన్ చేసేటప్పుడు హాజరు గురించి ఎత్తొద్దు. నిన్న ఆసుపత్రి ప్రాజెక్టు గురించి మాట్లాడుకున్నాం, మందుల కొనుగోలు దగ్గర మీకున్న అనుభవం మాకెవరికీ లేదు, ఆ మాట తేలకుండానే వదిలేశాం, మీరు ఒకసారి చూసి చెప్తారా అని అడగండి. అతనికి నిజంగా తెలిసిన పని గురించే అడగాలి సుమా, ఊరికే పొగడ్తగా అంటే తెలిసిపోతుంది. వచ్చినవాళ్ళని కూడా వెళ్ళేముందు చిన్న కాగితం మీద రెండు ప్రశ్నలడగండి, ఈ రోజు ఏది బాగుంది, ఏది తీసేస్తే బాగుండేది అని, పేరు రాయక్కర్లేదు. ఆ జవాబుల్ని తర్వాతి మీటింగ్‌లో పైకి చదివి, ఇదిగో ఇది మార్చాం అని చెప్పినప్పుడే సభ్యులకి నమ్మకం కుదురుతుంది.

వీటన్నిటికీ పెద్ద అడ్డంకి ఇంకోటుంది. ప్రెసిడెంట్ పదవి ఏడాదే, జులై 1న కొత్త టీమ్ వస్తుంది, పాత టీమ్ తెచ్చిన మంచి అలవాట్లన్నీ కొత్త టీమ్ బాధ్యతలు తీసుకునే ఇన్‌స్టాలేషన్ రోజు పూలతో పాటే వెళ్ళిపోతాయి. అందుకే మీటింగ్ తీరు మార్చే నిర్ణయం ఇప్పటి ప్రెసిడెంట్, రాబోయే ప్రెసిడెంట్, నిన్నటి ప్రెసిడెంట్ ముగ్గురూ కలిసి తీసుకోవాలి. అన్నీ ఒక్కసారి మార్చొద్దు. బెల్ ఉండనివ్వండి, ప్రతిజ్ఞ ఉండనివ్వండి, పెద్దలకి వాటితో ముడిపడిన జ్ఞాపకాలుంటాయి. ముందు టైమ్, సంబోధనలు సరిచేసి, రెండు నెలలు అవి నిలబడ్డాక బల్లలు, ఆ తర్వాత అతిథుల పద్ధతి ఎత్తుకుంటే ఎవరికీ తమ క్లబ్ చేజారిపోయినట్టు అనిపించదు. ప్రోటోకాల్ తగ్గిస్తే మర్యాద తగ్గుతుందని ఎవరైనా సీనియర్ అంటే వాదించొద్దు, గుమ్మం దగ్గర కొత్తవాళ్ళని ఆహ్వానించే పని మొదటి నెల ఆయనకే అప్పగించండి. మా దగ్గర ఆ పనిని అందరికంటే బాగా చేస్తున్నది అలాంటి ఒక పెద్దాయనే.

ఇంకొక్కటి, హాలు బుక్ చేసేటప్పుడు మీటింగ్ టైమ్ కన్నా అరగంట ఎక్కువకి బుక్ చెయ్యండి. చెప్పిన టైమ్‌కి ముగించేశాక వెళ్ళాల్సినవాళ్ళు వెళ్తారు, మిగిలినవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చుంటారు, సగం ప్రాజెక్టులు అక్కడే తేలతాయి. వాచ్‌మన్ లైట్లు ఆర్పుతున్నాడని వాళ్ళని లేవగొట్టే పరిస్థితి రాకూడదు.